కమీషన్ రాని సరుకు

అతను పోయిన రోజు ఐస్ బాక్స్ రావడానికి మధ్యాహ్నం దాటింది. మాదన్నపేటలో చావు ఇంటికి ఐస్ బాక్స్ ఆలస్యంగా రావడం నాకు తెలిసి అదే మొదలు. టెంటువాళ్లు ఇంకా గుంజలు దించలేదు. గల్లీలో నిలబడ్డ మగవాళ్లు నంబరు కోసం ఒకరినొకరు అడుగుతున్నారు. అది ఎవరి ఫోనులోనూ లేదు. ఎవరింట్లో ఎవరు పోయినా ఆ ఫోను చేసేది అతనే కాబట్టి, ఆ నంబరు దగ్గర పెట్టుకోవాల్సిన అవసరం మాకెవరికీ రాలేదు.

“అందరికి తెచ్చినోడు పండుకున్నడు. ఇగ ఎవలను అడుగుదాం?” అన్నాడు మార్కెట్లో పచ్చిమిర్చి అమ్మే మల్లేశ్. పక్కనున్నవాళ్లకు నవ్వొచ్చింది. చావు ఇంటి ముందు నవ్వినందుకు తలలు దించుకున్నారు.

అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు మా గల్లీల్లో తక్కువ. చాలామందికి ఇన్సూరెన్స్ అన్న. ముసలమ్మలకు పాలసీ పిలగాడు. జుట్టంతా నెరిసినా పిలగాడే. పత్రికలో ఉన్నన్నాళ్లు నేను సంతాప వార్తలు చాలా దిద్దాను. మృదుస్వభావి, పరోపకారి, పిలిస్తే పలికే మనిషి వంటి మాటలు కనిపిస్తే కొట్టేసేవాణ్ణి. ఎవరి విషయంలోనూ అవి పూర్తిగా నిజం కావు. ఇతని విషయంలో ఒక్క అక్షరం కొట్టేయడానికి లేదు, అన్నీ నిజమే. నా చిక్కంతా అక్కడే ఉంది.

ఇంటికి వచ్చే తీరే వేరు. మోపెడ్ గల్లీ చివర ఆపి, నడిచి వచ్చేవాడు. చెప్పులు గడపకు దూరంగా విడిచేవాడు. కుర్చీ వేస్తే కూర్చోడు. గడప పక్కన గోడకు ఆనుకుని కింద కూర్చుని, ముందు మంచినీళ్లు అడిగేవాడు. చాయ్ ఎప్పుడూ తనంతట తాను అడగలేదు. ఇస్తే కాదనడు. రెక్సిన్ సంచి పక్కనే ఉండేది కానీ మొదటి రెండు మూడుసార్లు దాని జిప్పు తీసేవాడు కాదు. ఇంట్లో ఎవరికి షుగరు, ఎవరి బిడ్డకు పదో తరగతి, ఎవరికి మోకాళ్ల నొప్పులు అన్నీ గుర్తుండేవి. బహదూర్‌పురా వైపు సాయిబుల ఇళ్లలో కూడా అంతే. “ఖాలా, ఘుట్నోంకా దర్ద్ కైసా హై అబ్?” అని వాకిట్లోంచే మోకాళ్ల నొప్పి సంగతి అడిగితే, ఆ ముసలామె తన కొడుకుల మీద చాడీలన్నీ ఇతనికే చెప్పుకునేది.

నాలుగోసారి వచ్చినప్పుడు జిప్పు తీసేవాడు.

“మొదటి కిస్తీ నేను కట్టిన చెల్లె. నువ్వు ఫికర్ చెయ్యకు. వచ్చేసారిది నువ్వు కట్టు.”

అప్పటికే కట్టేశాడు! కాదనడానికి నోరెట్లా వస్తుంది? మా ఇళ్లలో మొహమాటం మగవాళ్లకూ ఉంటుంది, ఆడవాళ్లకూ ఉంటుంది. బేరం ఆడి కూరగాయలు కొనే మనిషి, ఆటోవాడితో గల్లీ దద్దరిల్లేలా లొల్లి పెట్టుకునే మనిషి, ఇంటికొచ్చి కింద కూర్చుని మంచినీళ్లు తాగినవాడి ముందు మాత్రం మెత్తబడిపోతుంది. ఆ మెత్తని చోటు ఎక్కడుందో అతనికి బాగా తెలుసు. మోసం చేద్దామని వెతికి తెలుసుకున్నది కాదు. అతనూ అదే మట్టి మనిషి కనుక తెలుసు.

సంతకం పెట్టేటప్పుడు అతని పద్ధతి ఒకటుండేది. ఫారం మీద వేలు పెట్టి “ఈడ” అని చూపించి, వెంటనే తల తిప్పేసి గోడ మీది దేవుడి పటం వైపు చూసేవాడు. సంతకం అయ్యేదాకా ఇటు తిరిగేవాడు కాదు. చాలాకాలం నేను దాన్ని మర్యాద అనుకున్నాను, పక్కింటివాళ్లు బట్టలు మార్చుకుంటుంటే చూపు తిప్పుకునే రకం మర్యాద. నా చేత ఒక పాలసీ చేయించినప్పుడు కూడా అలాగే తిప్పుకున్నాడు.

యాదమ్మ భర్త జల మండలిలో పైపుల పని చేసేవాడు. డ్యూటీలోనే పోయాడు. అప్పటికి ఐస్ బాక్సులు మా వైపు లేవు. రిక్షాలో ఐస్ ఫ్యాక్టరీ నుంచి గడ్డలు తెచ్చి, పొట్టు దులిపి, గోనె సంచుల్లో చుట్టి శవం చుట్టూ పేర్చింది ఇతనే. పాడె కట్టింది, మున్సిపాలిటీలో సర్టిఫికెట్ తెచ్చింది, భర్త పాలసీ డబ్బు నెల తిరగకుండా ఆమె చేతిలో పెట్టింది ఇతనే. ఆపై ఆ ఆఫీసు చుట్టూ ఆమెను వెంటబెట్టుకుని తిరిగి, భర్త స్థానంలో ఆమెకు అటెండరు ఉద్యోగం వచ్చేదాకా వదల్లేదు. ఎవరికీ ఒక్క రూపాయి లంచం ఇవ్వనివ్వలేదని యాదమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మొదటి జీతం వచ్చిన నెలలో ఆమె గడప పక్కన కూర్చుని మంచినీళ్లు అడిగాడు. ఆమె వయసు చాలా తక్కువ. చంకలో పిల్ల. పెట్టిన సంతకం మాత్రం చాలా దూరపు గడువుకు.

ఆ పాలసీల సంగతి ఇప్పుడు అందరికీ ఎంతో కొంత తెలిసిందే. మనిషి పోతే వచ్చేది తక్కువ, బతికుంటే పెరిగేది తక్కువ. మొదటి ఏళ్లలో కట్టినదాంట్లోంచి అమ్మినవాడి వాటా పెద్దగా పోతుంది. మధ్యలో ఆపితే కట్టినది కూడా పూర్తిగా చేతికి రాదు. రక్షణా కాదు, పొదుపూ కాదు. అయినా మా గల్లీలో ఒకటో రెండో లేని ఇల్లు లేదు. నడుమ ఒకసారి చిట్టీలు నడిపేవాడు రాత్రికి రాత్రి సామాను సర్దుకుని పోయాడు. మర్నాడు ఇతను ఇల్లిల్లూ తిరిగాడు. మునిగినవాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు, నిజంగానే. కొందరి బియ్యానికి డబ్బిచ్చాడు. ఆ నెలాఖరులోగా ఆ ఇళ్లలోనే కొత్త పాలసీలు కూడా చేశాడు. రెండూ ఒకే చేత్తో చేశాడు, ఒకదానికోసం ఇంకొకటి చేశాడని నేను అనలేను.

అసలు సంగతి నాకు తెలిసింది రక్తపరీక్షల ల్యాబులో. ఇద్దరికీ షుగరే. పరగడుపున ఒకసారి రక్తం ఇచ్చి, ఇడ్లీ తిని వచ్చి, రెండోసారి ఇవ్వడానికి బెంచీ మీద కూర్చున్నాం. కదలడానికి లేదు, చేయడానికి పనిలేదు. ఊరికే అడిగాను.

“అందరివీ పాలసీలల్ల పెట్టిస్తవు గదా, మరి నీయి దేంట్ల పెట్టినవ్?”

దాచుకోలేదు. “నాది ఇండెక్స్ ఫండ్ల ఉంది అన్నా. మీ పేపర్లనే వచ్చింది గప్పట్ల, బిజినెస్ పేజీల. సదివి పెట్టిన.”

ఆ పేజీ కొన్నాళ్లు నేనే చూశాను. అది చదివి డబ్బు పెట్టిన మొదటి మనిషిని బెంచీ మీద పక్కనే చూస్తున్నానన్నమాట.

“అది ఏం లేదన్నా. దేశంల ఉన్న పెద్ద పెద్ద కంపెనీలన్నిట్ల తలా ఇంత. ఏది మంచిదో ఏరెటోడు లేడు. ఏరెటోడు లేడు గాబట్టి వానికి జీతం లేదు. నడుమ నా అసోంటోడు లేడు. అందుకే సస్తల, తక్వ కర్సుల అయితది. నెల నెల పోతనే ఉంటది. తర్వాత బయటి దేశాలది గూడ ఒకటి పట్టిన, కొంచెమే. మొత్తం మన మీదనే ఆశ పెట్టుకుంటే ఎట్ల మరి?” అని నవ్వాడు.

“పడితే?”

“పడుతది. మస్తు పడుతది. కరోనా టైంల ఎట్ల పడ్డదో చూసినవ్ గదా. మా ఆఫీసోళ్లు ఉన్నయన్నీ అమ్ముకున్నరు. నేను ముట్టలే. గా పని ఒక్కటే, ముట్టకుండ ఉండుడు. ఏండ్లకు ఏండ్లు.”

“నీ పాలసీ ఒక్కటి గూడ లేదా నీకు?”

అతను నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. “దాంట్ల నేనెంత తీసుకుంటున్ననో నాకు ఎరుకే గదా అన్నా. మల్ల నేనే ఎట్ల కొంట?”

చాలా మామూలుగా అన్నాడు. పక్కన నర్సు ఎవరి పేరో పిలుస్తోంది. నేను యాదమ్మ సంగతి ఎత్తాను. ఆమెకు ఇది ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తె?” అన్నాడు. గొంతులో కోపం లేదు, విసుగు కూడా లేదు. “గది కమీషన్ రాని సరుకు అన్నా. దాన్ని ఎత్తుకొని ఇంటికి వచ్చెటోడు ఎవడూ ఉండడు. నేను ఉత్తగ పోయి చెప్పి వస్తె నా బండ్ల పెట్రోల్ ఎవలు పోస్తరు? ఆమె మొగడు సచ్చిన్నాడు ఐస్ కోసం ఎవలు ఉరుకుతరు? ఆఫీసు సుట్టు ఎవలు తిరుగుతరు? గివన్నీ దేంట్ల నుంచి వచ్చినయి అనుకున్నవ్?”

“ఆమె పైసలల్ల నుంచే.”

“ఆ. ఆమె పైసలల్ల నుంచే. నేను పోకపోతె గా పైసలు చిట్టీల పోతుండె. చిట్టీవాడు మొత్తం తీస్కపోయిండు. నేను కొంచెం తీసుకున్న, సచ్చినకాడికి గూడ వచ్చిన. నువ్వే చెప్పు, మీ పేపరోళ్లు రాస్తిరి, ఎంతమంది ఇండ్లకు పోయి చెప్తిరి?”

అంతలో అతని పేరు పిలిచారు. చొక్కా చెయ్యి మడుచుకుంటూ లోపలికి పోయాడు. రక్తం తీస్తుంటే కూడా తల అటు తిప్పుకునే ఉన్నాడు.

అతను మంచివాడని నమ్మేవాళ్లు ఈ మాటలు విని అతన్ని దొంగ అనుకోవచ్చు. దొంగ అయితే నాకు తేలికగా ఉండేది. దొంగ చెప్పులు దూరంగా విడవడు, పాడె మోయడు, ఖాలా మోకాళ్లకు నూనె తెచ్చివ్వడు. అతను మాకు చేసిన సేవలన్నీ అసలైనవే. వాటి ఖరీదు మాత్రం చెప్పకుండా పట్టుకున్నాడు, అది కూడా మా పిల్లల చదువుల్లోంచి, మా ముసలితనంలోంచి. ఎంత పట్టుకున్నాడో తెలిసే కదా తనది వేరే చోట పెట్టుకున్నాడు!

ఆ వారమే నేను యాదమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డ్యూటీ నుంచి వచ్చి వాకిలి ఊడుస్తోంది. చీపురు పక్కన పెట్టి అంతా విన్నది.

“నిజమే కావచ్చు సార్. మరి గీ ఇండెక్సో ఏందో, నా మొగడు సచ్చిన్నాడు వచ్చిందా?”

“రాలేదు.”

“అన్న వచ్చిండు.” మళ్లీ చీపురు అందుకుంది. “ఇప్పుడు బంద్ చేస్తె కట్టింది గూడ మొత్తం రాదంటివి. ఇగ ఆయన మొకం ఎట్ల సూడాలె? రోజు గీ గల్లీలకెంచే పోతడు.”

“ఆయన పైసలు ఆయన ఆడనే పెట్టుకున్నడు యాదమ్మా.”

“పెట్టుకోనియ్యి సార్. ఆయన సదువుకున్నోడు.”

ఆమెకు ఒక్కటే ఆశ ఉండేది. మార్కెట్ వెనక సందులో తాను అద్దెకుంటున్న రెండు గదులు. పెళ్లయి వచ్చింది ఆ గదుల్లోకే, భర్త శవం లేచింది ఆ గదుల్లోంచే. బిడ్డను పెంచి అత్తారింటికి పంపింది కూడా అక్కడినుంచే. ఇంటివాళ్లు ఎప్పుడో అమ్ముతారని, అమ్మితే ముందు తననే అడుగుతారని ఆమెకు తెలుసు. పాలసీ గడువు తీరితే ఆ గదులు తనవి. ఆఫీసులో తోటివాళ్లు వెక్కిరించేవారు కూడా. “ఏంది యాదమ్మా, పట్నం మొత్తం పెరిగి ఎటో పోతుంటే నువ్వు గా కొట్టం మీదనే పడ్డవ్?” అంటే, “మీరు అపార్ట్‌మెంట్లల్ల గాలి పీల్చుండ్రి. నాకు నా వాకిలే కావాలె” అని తిప్పికొట్టేది.

ఇంటివాళ్లు అడిగారు. అనుకున్నట్టే ముందు ఆమెనే అడిగారు. పాలసీ గడువు కూడా అదే ఏడు తీరింది. చేతికొచ్చింది చూస్తే, ఇన్నేళ్లు కట్టినదాని మీద కాస్త ఎక్కువ, అంతే. ఆ ఏళ్లలో ఆ సందు ధర ఎక్కడికి పోయిందో, ఆమె డబ్బు ఎక్కడ ఆగిపోయిందో పక్కపక్కన పెట్టి చూడటానికి లెక్కలు రానక్కరలేదు. ఒక గది కూడా రాదు. ఇంటివాళ్లు కొన్ని వారాలు ఆగారు. తర్వాత గాజుల వ్యాపారి ఒకతను గోదాము కోసం కొనుక్కున్నాడు.

ఆమె ఖాళీ చేస్తున్న రోజు ఇతను పొద్దున్నే వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ట్రాలీ ఆటో మాట్లాడింది ఇతనే. బీరువా ఒక పక్క తాను పట్టాడు. అప్పటికే గుండెకు మందులు వాడుతున్న మనిషి, సందు మలుపులో బీరువా దించి గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎత్తాడు. కొత్త ఇల్లు ఊరి చివర, బస్సు దిగి చాలా దూరం నడవాల్సిన చోట. సామాను సర్దించి, గ్యాస్ పొయ్యి తానే బిగించి, పాలు పొంగించాక కింద కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

యాదమ్మ తెచ్చి ఇచ్చింది.

“వచ్చిన పైసలు బ్యాంకుల ఉత్తగ ఎందుకు చెల్లె? పింఛన్ పాలసీ ఒకటుంది. ఒక్కసారి కడితే సరిపాయె” అన్నాడు. సంచి జిప్పు తీశాడు.

నేను అక్కడే ఉన్నాను. “అది గా ఫండ్ల పెట్టరాదు?” అన్నాను అతనితో. యాదమ్మ నన్ను కళ్లతోనే వారించింది. సామాను మోసి చెమటలు కక్కుతున్న మనిషి ముందు ఆ మాట తీయడం ఆమెకు తన పరువు తీసినట్టుంది. వేలు పెట్టి “ఈడ” అన్నాడు. ఆ ఇంటి గోడకు ఇంకా దేవుడి పటం తగిలించలేదు. అతను కొద్దిసేపు ఎటు చూడాలో తెలియనట్టు తడబడి, కిటికీ వైపు తిరిగాడు. బయట ఖాళీ ప్లాట్లు తప్ప ఏమీ లేవు.

ఆ ఏడు దాటకముందే పోయాడు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక నలుగురం వాకిట్లో కూర్చున్నాం. ఇతని కొడుకు, నలభైకి దగ్గర పడ్డవాడు, తండ్రి ఏజెన్సీనే పట్టాడు. ముఖం తండ్రిది, నడక కూడా. వాడు ఏడ్చి ఏడ్చి ఉన్నాడు. నా పక్కన కూర్చుని తండ్రి గురించే చెబుతున్నాడు.

“మాకు ఏ లోటు చెయ్యలే సార్. మాకు తెల్వనే తెల్వదు, ఎన్నో ఏండ్ల నుంచి ఇండెక్స్‌ల పెట్టుకుంట వచ్చిండు. ఎంత పడ్డా ముట్టలే. అమ్మకు ఇగ జన్మల ఎవ్వల ముంగట చెయ్యి చాపే పని లేదు. గంత ముందుసూపు ఎవలకుంటది?”

యాదమ్మ ఊరి చివర నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆడవాళ్లతో పాటు విస్తళ్లు ఎత్తి, చేతులు కడుక్కుని అటుగా వస్తూ ఆ మాటలు విన్నది. నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత అందరి ముందూ, గడప పక్కన కింద కూర్చుంది.

“బిడ్డా, నాయి గూడ గాడనే పెట్టు.”

“ఏంది పెద్దమ్మా?”

“మీ నాయిన ఆయన పైసలు ఏడ పెట్టిండో, నాయి గూడ గాడనే పెట్టు. గా పింఛనుది తీసెయ్యి. ఎంత కట్ అయితదో కానియ్యి. సార్ ముందుగాలే చెప్పిండు. నేనే వినలే.”

మల్లేశ్ తింటున్న వక్క నమలడం ఆపాడు. కొడుకు నా వైపు చూశాడు, తల్లి ఉన్న గది వైపు చూశాడు. ముఖం ఎర్రబడింది. వాడికి అంతా అర్థమైంది. అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు. అంతవరకు వాణ్ణి మెచ్చుకోవాలి.

“పెద్దమ్మా, గా ఫండ్ మంచిదే. కాని దాంట్ల పెడితే పదిహేనేండ్లు, ఇరవయ్యేండ్లు ముట్టద్దు. నడుమ పడితే లేసేదాంక ఆగాలె. చిన్నప్పటి సంది పెట్టుకుంట రావాలె. నువ్వు రిటైర్ కావట్టివి. ఇప్పుడు నీ వయసుకు అది పనికి రాదు పెద్దమ్మా. నిజం చెప్తున్న.”

నిజమే చెప్పాడు. ఆమె కొత్త ఇంట్లో ఆ రోజు ఉక్రోషంలో ఫండ్ అన్నాను కానీ, బిజినెస్ పేజీలో ఎవరైనా అడిగితే నేనూ అదే రాసేవాణ్ణి. ఆ ఇంటి మనుషుల నుంచి యాదమ్మకు దక్కిన మొట్టమొదటి సరైన సలహా అది.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది. కోపం రాలేదు. వాడి ముఖంలోకి కాసేపు చూసి, వాడి వయసు అంచనా కడుతున్నట్టుగా తల ఊపింది.

“మీ నాయిన మొదటిసారి మా ఇంటికి వచ్చిన్నాడు, నాకు నీ అంత ఏండ్లు గూడ లేకుండె బిడ్డా.”